తేటపడ్డ చెరువు

ఆ వేసవిలో మా వెనక గది కిటికీ తెరిచిన గుర్తు నాకు లేదు. తెరిస్తే చెరువు వాసన, మూస్తే ఉక్క. క్యాబేజీ ఆకుల మీద తడి గోనె కప్పి ఎండలో వదిలేస్తే ఎలా ఉంటుందో అలాంటి వాసన అది. అన్నంలోకి వచ్చేది, ఉతికి ఆరేసిన బట్టల్లోకి వచ్చేది. కరెంటు పోయినప్పుడు నాన్న, అమ్మ, నేను ముందు గుమ్మంలో కూర్చునేవాళ్ళం. అక్కడి సందు ఎంత సన్నమంటే కాళ్ళు చాపితే ఎదురింటి గోడకి తగిలేవి.

తాల్‌బగీచా పేటలో ఆ ఇల్లు నాన్న ఇష్టపడి కట్టించుకున్నది. వర్క్‌షాపులో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మేము ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్లో ఉన్నాం. అక్కడ కుళాయి వచ్చినప్పుడే స్నానం, అదీ బకెట్టుకు మించి కాదు. ఇనప రజను ఒంటి నుంచి వదలాలంటే మనిషి నిండా మునగాలి అనేవాడు నాన్న. రిటైరయ్యాక స్థలం వెతికినప్పుడు ఆయన కోరిందల్లా పక్కన పుకుర్ ఉండాలని. మాది బెంగాలీ ఊరు, చెరువును అక్కడి తెలుగువాళ్ళం కూడా పుకుర్ అనే అంటాం. ఇంటి వెనక గోడ నుంచి నీళ్ళలోకి సిమెంటు మెట్లు కూడా తనే పోసుకున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈదేవాడు. ఆ రెండు స్నానాల మధ్యనే ఆయన రోజు నడిచేది.

నేను ఊళ్ళోనే ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. నా పని ఆ చెరువు మీద తేలేదాని గురించే. మనం నాచు అంటాం గానీ అది నాచు కాదు, సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవి. నీలి ఆకుపచ్చగా ఉంటుంది, ఎండతో తన తిండి తానే వండుకుంటుంది. వాటిలో కొన్ని రకాలు కాలేయాన్ని పాడుచేసే విషాన్ని తయారుచేస్తాయి. ఎప్పుడు చేస్తాయి, ఎప్పుడు మానేస్తాయి అన్నదే నేను ఏళ్ళ తరబడి చూస్తున్న సంగతి. గాజు ఫ్లాస్కుల్లో పెంచుతాను. ఒక వరుసకు వెలుతురు మారుస్తాను, ఒక వరుసకు వేడి, ఇంకో వరుసలో నైట్రోజన్, మరోదాంట్లో ఫాస్పరస్. వేడెక్కితే అవి త్వరత్వరగా పెరుగుతాయి, కానీ ఒక్కో కణంలో విషం తగ్గవచ్చు. నైట్రోజన్ దండిగా దొరికితే విషం పెరుగుతుంది, ఎందుకంటే ఆ విషం తయారు కావడానికి నైట్రోజన్ చాలా కావాలి. ఫ్లాస్కులో ఒకసారికి ఒకటే మారుస్తాం కాబట్టి ఏదో ఒక జవాబు వస్తుంది. చెరువులో అన్నీ కలిసి మారతాయి. పైగా విషం చేసేవీ చేయనివీ పక్కపక్కనే బతుకుతాయి, మైక్రోస్కోపులో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. చూస్తే తెలియదు. నా చదువంతా కలిపితే వచ్చే మొదటి మాట ఇదే.

అమ్మకు ఇది నవ్వులాట. నాసు పెంచడానికి ఇంత సదువు దేనికే, మన ఎనకాల ఊరికే పెరుగుతాది గదా అనేది.

ఆమె అన్నది నిజమే. అంతకుముందు ఏడాది చెరువు అవతలి ఒడ్డున ఎవరో పెద్ద భవనం కట్టడానికి మట్టి తోలించారు. ఆ మట్టి కింద, చెరువు నీళ్ళు బయటికి పోయే తూము పూడిపోయింది. నీళ్ళు వస్తాయి, పోవు. చుట్టూ ఉన్న ఇళ్ళ మురుగు, రేవుల్లో బట్టల సబ్బు, బాతుల పెంట, నిమజ్జనం చేసిన బొమ్మల గడ్డి, రంగు, అన్నీ అందులోనే ఉండిపోయాయి. ఎండలు ముదిరేసరికి నీరు తగ్గింది, గాలి ఆగింది. కదలని నీళ్ళు, వేడి, మురుగు నుంచి వచ్చే తిండి. నేను ఫ్లాస్కులో కొలిచి కొలిచి ఇచ్చేవన్నీ అక్కడ కొలత లేకుండా దొరికాయి. ఒక వారం నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నాయి. తర్వాత వారానికి ఎవరో గోడకు వేసే పచ్చరంగు డబ్బాలు ఒంపినట్టయింది. మధ్యాహ్నం వీచే కొద్దిపాటి గాలి మీగడలా కట్టిన ఆ తెట్టునంతా మా మెట్ల వైపు తోసేది.

నాన్న ఈదడం మానలేదు. చేత్తో ఆ మీగడను పక్కకు నెట్టి, దారి చేసుకుని లోతుకు పోయేవాడు. వద్దని నేను రోజూ చెప్పేదాన్ని. ఇన్నేళ్ళుగా మునుగుతున్నానని ఆయన రోజూ చెప్పేవాడు.

పక్కింట్లో ఒక బెంగాలీ ఆవిడ ఉండేది. అమ్మ ఆమెను అక్కా అన్నట్టు దీదీ అనేది, నేను పిన్నీ అన్నట్టు మాసి అనేదాన్ని. భర్త పోయాక బాతులతో, ఒక ఆవుతో కాలం గడిపేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి తెలుగువాళ్ళ మధ్యే ఉండడంతో మా మాట బాగా వచ్చు. ఒక పొద్దున ఆమె చచ్చిపోయిన బాతును తెచ్చి మా మెట్ల మీద పెట్టింది. దాని ముక్కుకు పచ్చగా అంటుకుని ఉంది. ఇంకా కొన్ని ఇంటి దగ్గర పడి ఉన్నాయని చెప్పింది. ఏడవలేదు.

"నువ్వు సదివేది దీని గురించే గదమ్మా. ఏటయిందో నాకు సెప్పు."

చూస్తే తెలియదన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సీసా తెచ్చి మెట్ల దగ్గర మీగడ నింపాను, చెరువు మధ్యలో నీళ్ళు ఎలాగూ ఈదబోతున్న నాన్నచేత తెప్పించాను, పరిశోధనశాలకు పట్టుకుపోయాను.

మా సార్ జాగ్రత్త గల మనిషి. పరీక్ష చేసుకోమన్నారు. కానీ మనం చెరువుల మీద తీర్పులు చెప్పే ఆఫీసు కాదని, కాగితం మీద ఏదీ ఇవ్వడానికి వీల్లేదని, నోటితో చెప్పుకోవడం నా ఇష్టమని అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆ పరీక్షలో విషం ఎంత ఎక్కువ ఉంటే రంగు అంత తక్కువ వస్తుంది. చెరువు మధ్య నీళ్ళకు లేత పసుపు వచ్చింది. పరీక్ష పలకలో మా మెట్ల దగ్గర మీగడ వేసిన చిన్న గుంటల్లో రంగే రాలేదు. నేను ఆ తెల్లటి గుంటలకేసి చూస్తూ, ఆ పొద్దున నాన్న ఒళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి రావడం గుర్తు చేసుకున్నాను.

ఆ సాయంత్రం రేవులన్నీ తిరిగి చెప్పాను. నీళ్ళలో దిగొద్దు, గొడ్లను దింపొద్దు, ఈ నీళ్ళతో నోరు పుక్కిలించొద్దు. మా వీధి క్లబ్బు నడిపే ఆయన్ని అందరూ దాదా, అంటే అన్నయ్య, అంటారు. ఆయన శ్రద్ధగానే విన్నాడు. మరి మందు ఏమిటని అడిగాడు. మందు లేదు, తూము తెరిపించాలి అన్నాను. ఆ భవనంవాళ్ళను కదిలించడం మన చేతుల్లో లేదన్నాడు. వేరే చెరువుల్లో మైలుతుత్తం వేస్తే పచ్చదనం పోతుందని విన్నానన్నాడు. నేను ఒకటికి రెండుసార్లు వద్దన్నాను. విషం ఇప్పుడు ఆ కణాల లోపల ఉంది, వాటిని చంపితే పగిలి బయటికొస్తుంది, కంటికి కనబడకుండా నీళ్ళలో కలిసిపోతుంది అని చెప్పాను. ఠీక్ హై అన్నాడు.

కానీ వాసన భరించలేక వీధివాళ్ళు ఆయన మీద పడ్డారు. నేను పనిలో ఉన్న ఒక మధ్యాహ్నం అరటి బోదెల తెప్ప మీద మైలుతుత్తం సంచులు కట్టి చెరువంతా తిప్పారు. నేను ఇంటికొచ్చేసరికి అందరూ ఒడ్డున నిలబడి ఉన్నారు. కొద్ది రోజులకు పచ్చమీగడ గోధుమరంగుకు తిరిగింది, తర్వాత విడిపోయి అడుక్కి దిగింది. నీళ్ళు తేటపడ్డాయి. వాసన తగ్గింది. ఆడవాళ్ళు బట్టలు తెచ్చుకున్నారు, పిల్లలు దూకారు. నేను అనవసరంగా భయపెట్టానని ఎవరూ నా ముందు అనలేదు. దాదా మాత్రం నన్ను చూసి, సంతోషంగా, అంతా బాగైపోయింది కదా అన్నాడు.

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే నేను కింది మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను.

"సూడు తల్లీ, అద్దంనాగున్నాయి నీళ్ళు. అడుగు అవుపడతంది."

"అందుకే దిగొద్దంటన్నాను నాన్నా. పచ్చగున్నప్పుడు విషం దాని కడుపులో ఉండీది. అది సచ్చిపోయింది, ఇప్పుడు విషం నీళ్ళలో ఉంది."

"సచ్చినది ఏటి సేస్తాదే?" అన్నాడు నాన్న. విసుగు లేదు ఆ గొంతులో, నన్ను ఓదార్చినట్టుగా ఉంది. నా భుజం పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి నీళ్ళలోకి దిగాడు.

ఆ తేట నీటిని కూడా సీసాలో పట్టుకెళ్ళాను. ఇంతకుముందు చెరువు మధ్య నీళ్ళకు పసుపు వచ్చిన చోట ఇప్పుడు దాదాపు ఏ రంగూ రాలేదు. మీగడ ఉన్నప్పుడు కనీసం చూపించడానికి ఒకటి ఉండేది. ఇప్పుడు నేను వేలు పెట్టి చూపిస్తే అక్కడ తేట నీళ్ళు, వాటిలో ఆకాశం. పేరు పేరునా మళ్ళీ చెప్పాను. కొందరు తలూపారు. రెండు రేవుల అవతలి ఆవిడ మా అమ్మతో, మీ అమ్మాయి ఎక్కువ చదివి బెంగపెట్టుకుందమ్మా అన్నదట. నా మాట విన్నది మాసి ఒక్కతే. మిగిలిన బాతులను పెరట్లో గంప కింద మూసింది, ఆవును గుంజకు కట్టేసింది. అవి రోజంతా అరుస్తూ ఉండేవి. ఆ అరుపులు వింటూ నేను లోపల కూర్చునేదాన్ని.

మూడో స్నానమో నాలుగో స్నానమో అయ్యాక నాన్నకు వాంతులు మొదలయ్యాయి. గోచీ కట్టు ఒరుసుకునే చోట పొక్కులు లేచాయి. ఆస్పత్రికి తీసుకెళితే డాక్టరు ఎండదెబ్బ కావచ్చన్నాడు. నేను చెరువు సంగతి చెప్పాను. ఆయన తీసిపారేయలేదు, కాలేయం పరీక్ష కూడా రాశాడు. అది కొంచెం తేడాగా వచ్చింది. దీనివల్లనే అని నువ్వు చెప్పగలవా అని డాక్టరు నన్ను అడిగాడు. చెప్పలేను అన్నాను. ఎండ కావచ్చు, ముందు రోజు తిన్న చేప కావచ్చు, వయసు కావచ్చు. పరిశోధనశాలలో అయితే పక్కన ఇంకో ఫ్లాస్కు ఉంటుంది, విషం లేనిది, పోల్చుకోవడానికి. మా నాన్న ఒక్కడే ఉన్నాడు.

కోలుకున్నాడు. కానీ మెట్లు దిగడం మానేశాడు. నేను గెలిచినట్టేమీ అనిపించలేదు. పొద్దున్నే లేచి తువ్వాలు అందుకుని, మళ్ళీ దాన్ని తీగ మీద వేసి, గదిలో మంచం మీద కూర్చునేవాడు. అమ్మ బోరింగు కొట్టి బకెట్టు నింపితే రెండు చెంబులు పోసుకుని వచ్చేసేవాడు. ఈదేటప్పుడు విశాలంగా కనిపించిన ఒళ్ళు ఆ గదిలో చిన్నదైపోయింది. నాతో పెద్దగా మాట్లాడేవాడు కాదు.

వానలు పడితే మంచిదనుకున్నాను. నీళ్ళు పలచబడతాయి, విషం తరుగుతుంది, మిగతా సూక్ష్మజీవులు కూడా దాన్ని తినేస్తాయి. వానలు వచ్చాయి, కానీ తూము లేదు. చెరువు మెట్టు మెట్టుగా ఎక్కి వెనక గోడ దాటింది. ముందు సందులోకీ వచ్చేసింది. మాసి ఇల్లు మాకంటే పల్లంలో ఉంది. ఆమె ఆవును తాడుతో లాక్కుంటూ, బాతుల గంప నెత్తిన పెట్టుకుని, తొడల లోతు నీళ్ళలో మా వరండాకు వచ్చింది. ముందు గదిలో మేము, వరండాలో ఆవు, ఆవు పక్కన బాతులు. చుట్టూ నీళ్ళు. బోరింగు పిడి మాత్రమే పైకి కనిపిస్తోంది. దాని గొట్టంలోకి చెరువు దిగిపోయి ఉంటుంది.

ఇంట్లో పట్టి ఉంచిన నీళ్ళు అయిపోవచ్చాయి. అమ్మ వెనక గుమ్మం దగ్గర గిన్నె ముంచబోతే చెయ్యి పట్టుకున్నాను.

"కాసి తాగుదాం గదే," అంది అమ్మ. "మరిగిస్తే ఏ పురుగైనా సచ్చిపోద్ది."

"పురుగు సచ్చిపోద్దమ్మా. విషం పోదు. మరిగించినా అలాగే ఉంటాది."

అమ్మ గిన్నె కింద పెట్టి నావంక చూసింది. ఆమె వంటింట్లో నిప్పు తీర్చలేనిదంటూ ఒకటి ఉంటుందని అంతవరకు ఆమెకు తెలియదు. "అయితే ఏటి తాగుతాం?" అని అడిగింది, చాలా మెల్లగా.

ఆ నీళ్ళలో విషం ఉందో లేదో, ఉంటే ఎంతో నాకు తెలియదు. సీసా పట్టుకుని బయటికి పోయే దారి లేదు. తెలిసిన విషయమైతే భయపడి ఊరుకుంటాం. తెలియని దానికి ప్రతి గంటా కొత్తగా భయపడాలి. మాసి చంకన తెచ్చుకున్న మూటలోంచి చీర ఒకటి తీసి ఇచ్చింది. దాన్ని డాబా మీద నాలుగు మూలలా కట్టి, కింద డ్రమ్ము పెట్టి, వాన నీళ్ళు పట్టాం. మనుషులకు అవే, ఆవుకు అవే. ఆవు ఎంత తాగుతుందో ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. వాన ఆగితే బయటికి పోగలం, కానీ వాన ఆగితే తాగడానికి ఏమీ లేదు. మమ్మల్ని లోపల మూసిపెట్టిన వాననే ఇంకొంచెం పడమని నలుగురం మొక్కుకున్నాం. చినుకు పలచబడ్డప్పుడల్లా నాన్న డాబా ఎక్కి మబ్బు వైపు చూసి వచ్చేవాడు. ఆవు మెడ చాచి వరండా అంచు దాకా వచ్చిన నీళ్ళను అందుకోబోతే మాసి తాడు లాగి పట్టుకునేది. రాత్రీపగలూ ఆ తాడు ఆమె చేతికే చుట్టుకుని ఉంది. చర్మం కోసుకుపోయింది.

ఆ ఇంట్లోనే నాన్న నాతో మళ్ళీ మాట్లాడాడు. డ్రమ్ము దగ్గర కూర్చుని, పచ్చగున్నప్పుడు తాను ఈదినప్పుడు ఏమీ కాలేదే, తేటపడ్డాకే ఎందుకయింది అని అడిగాడు. అప్పుడు లోపల ఉన్నది తర్వాత బయటికొచ్చిందని మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన చివరిదాకా విన్నాడు. విని, ఆ మైలుతుత్తం రోజు తెప్ప లాగింది నేనూనే అన్నాడు. అప్పటిదాకా నాకు అది తెలియదు. నువ్వు పనికాడున్నావు, అందరూ రమ్మన్నారు అన్నాడు. ఆయన చెయ్యి తీసుకుని పట్టుకున్నాను. వర్క్‌షాపులో కాయలు కాచిన ఆ చెయ్యి నీళ్ళలో నానకుండా ఎండిపోయి గరుకుగా ఉంది.

వాన ఆగింది. ఎండ వచ్చింది, గాలి లేదు. వరద తెచ్చిన మురుగు మీద ఎండ పడుతోంది. ఇక ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి ఆ ఎండను చూడలేకపోయాను. డ్రమ్ములో అడుగు కనిపిస్తుండగా సందు మొదట్లో మనిషి కేక వినిపించింది. క్లబ్బు దాదా రెండు భుజాల మీదా తాగునీళ్ళ క్యాన్లు పెట్టుకుని, ఛాతీ లోతు నీళ్ళలో నడిచి వస్తున్నాడు. ఇంటింటికీ అలాగే ఇచ్చుకుంటూ వచ్చాడు. మా గుమ్మంలో క్యాను దింపి, ఒళ్ళంతా దురదగా ఉందన్నాడు. ఇంటికి పోగానే శుభ్రమైన నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోమని చెప్పాను. వెళ్ళేముందు ఆగి, ఇంకోసారి ఆ మందు వెయ్యనివ్వను దీదీ అన్నాడు.

తూమును చివరికి తెరిపించింది మేమెవరం కాదు. అవతలి భవనం పునాదుల్లోకే నీళ్ళు పోయాయట. వాళ్ళే మనుషుల్ని పెట్టి, తాము పోసిన మట్టిని తామే తవ్వించారు. సాయంత్రానికి సందులో నీళ్ళు కదిలాయి. మరునాటికి మా మెట్లు బయటపడ్డాయి, బురద పట్టి. మాసి ఆవును తోలుకుని ఇంటికి పోతూ అమ్మ చేతిలో రెండు బాతు గుడ్లు పెట్టింది. ఆ బాతులు మెట్ల దగ్గర తేలినదేమీ తినకుండా మూతబడి బతికినవి. అయినా అమ్మ ఆ గుడ్లు వండాలా వద్దా అని నా మొహం చూసింది. వండమన్నాను.

ఆ తవ్విన కాలువ ఇప్పటికీ ఉంది, సగం పూడి సగం పారుతూ. మరుసటి వేసవిలో చెరువు మళ్ళీ పచ్చబడింది, అంత చిక్కగా కాదు. మెట్ల దగ్గర నుంచి తీసుకెళ్ళి పరీక్ష చేస్తే గుంటల నిండా పసుపు వచ్చింది. అదే రంగు మీగడ, అదే వాసన, కానీ విషం దాదాపు లేదు. విషం చేయని రకానిది పైచేయి అయిందో, నీళ్ళు పారడంతో తిండి తగ్గిందో, వేడి ఎక్కువై మానేసిందో, నేను ఇంకా చెప్పలేను. నెలనెలా నీళ్ళు పట్టుకెళుతూనే ఉన్నాను. రేవులో ఆడవాళ్ళు ఇప్పుడు నన్ను చూసి, ఏటమ్మా దిగొచ్చా అని అడుగుతారు. కొందరు నేను చెప్పిందాకా ఆగుతారు, కొందరు అడిగి వెంటనే దిగిపోతారు.

ఆ పసుపు వచ్చిన రోజు నాన్నకు చెప్పాను, ఇవాళ దిగొచ్చని.

"ఇవాల్టికా? మరి రేపు?"

"రేపు మళ్ళీ సూడాలి నాన్నా."

నాన్న తువ్వాలు తీసుకుని మెట్లు దిగాడు. మోకాళ్ళ దాకా వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళను చేత్తో అటూ ఇటూ నెట్టి చూశాడు. తర్వాత ఒక్కసారి మునిగి లేచాడు, ఈదలేదు. వచ్చి బోరింగు కింద కూర్చుని, అమ్మను కొట్టమని, చాలాసేపు కడుక్కున్నాడు.